కలిపినావా?

"ఆ సీసా మూత తియ్యొద్దు! ముందు చెయ్యి తీయ్!"

వేదిక నాతో అన్న మొదటి మాట ఇదే. 2005 జూన్, తిరుపతిలో యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబ్. నేను నగరి నుంచి వచ్చి ఆ రోజే చేరిన ప్రాజెక్ట్ అసిస్టెంట్‌ని. ఆమె పీహెచ్‌డీ రెండో ఏడు.

"దీంట్లో ఏముండాది మేడమ్?"

"కార్బన్ మోనాక్సైడ్."

"అయ్యో నాయనా! కుంపటి పెట్టుకోని తలుపులేసుకుంటే మనిషిని సంపేది అదే గదా!"

"ఎక్కువైతే చంపుతుంది. కొంచెం కొంచెంగా వదిలితే వాపు తగ్గిస్తుందేమోనని చూస్తా ఉండాం. ఈ పొడి ఆ గ్యాస్‌ని పట్టుకోనుంటుంది. నీళ్ళు తగిలితే..."

ఆ తర్వాత ఏం చెప్పిందో నేను వినలేదు. ఏదైనా వివరించేటప్పుడు ఆమె కుడి కనుబొమ్మ ఒక్కటే పైకి లేస్తుంది. నేను దాన్నే చూస్తూ అన్నిటికీ "ఊ" కొట్టాను.

"అర్థమైందా గిరిప్రసాద్?"

"బాగా అర్థమైంది!"

నా నోట్లో మన్ను పడ! ఆ అబద్ధానికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటున్నాను.

ఏడాదిలో గిరిప్రసాద్ గిరి అయ్యాడు, మేడమ్ వేదిక అయింది. క్యాంటీన్ టీ ఇద్దరికీ ఒకే వేళకి గుర్తొచ్చేది. చెప్పాల్సిన మాట మాత్రం ఇద్దరమూ చెప్పలేదు. ముందు ఆమె పని కానీ అనుకున్నాను. హైదరాబాద్ నుంచి కమిటీ వస్తోంది. వాళ్ళు మెచ్చితే ఫెలోషిప్ ఇంకో రెండేళ్ళు. లేకపోతే వేదిక వాళ్ళ నాయన శఠగోపంగారు కొండ మీద చూసిపెట్టిన ఉద్యోగంలో చేరాలి.

కమిటీ వచ్చే రోజు పొద్దున్నుంచీ వాన. పాపం, తడిసొచ్చి హైరానా పడుతుందని నేను ఏడింటికే ల్యాబ్‌కి వెళ్ళి, పొడిని నీళ్ళలో కలిపి, సీసాలన్నీ వరసగా సర్దిపెట్టాను. ప్రేమండీ, ప్రేమ!

పదింటికి కమిటీ ముందు నిలబడి ఆమె నా వైపు చెయ్యి చాపింది.

"కలిపినావా?"

"కలిపినా."

ఎప్పుడని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు.

గ్యాస్ కొలిచే మెషిన్‌లో గీత కదల్లేదు. రెండో సీసా పెట్టింది, మూడోది పెట్టింది. గ్యాస్ జాడే లేదు. కమిటీ పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ మాలిక్యూల్ పనిచెయ్యదమ్మా" అని అందరినీ తీసుకుని భోజనానికి వెళ్ళాడు.

"ఇన్నాళ్ళూ ఉత్త పొడి చేసినానా గిరీ?" అంది.

ఆమె నోట్‌బుక్ నా ముందే తెరిచి ఉంది. 'నీళ్ళలో కలిపిన పది నిమిషాలకే గ్యాస్ అంతా పోతుంది. అప్పటికప్పుడే కలపాలి.' కింద రెండు ఎర్ర గీతలు. చెబితే మళ్ళీ నా మొహం చూడదని భయమేసింది.

"ఊరుకో వేదికా" అన్నాను. అంతే అన్నాను, పిరికివెధవని.

ఆరు నెలలు ఆ చెప్పని మాట నన్ను తినేసింది. చివరికి ఫోన్ చేసి, ఒక మాట చెప్పాలి రమ్మన్నాను. అలిపిరి బస్టాపుకి వచ్చింది. అప్పటికే కొండ మీద గదుల కౌంటర్లో పని చేస్తోంది. నెమలిపింఛం రంగు కొత్త చీర కట్టుకుంది.

"చెప్పు" అంది. కుడి కనుబొమ్మ లేచింది.

ఏడింటికే కలిపిన సంగతి చెప్పాను. కనుబొమ్మ మెల్లగా దిగిపోయింది.

"కమిటీ వాళ్ళు ఆ రోజు ఎప్పుడు పోయినారు?" అని అడిగింది.

"సాయంత్రం. అంతదాకా గెస్ట్‌హౌస్‌లోనే ఉన్నారు."

"బీరువాలో ఇంకో సీసా పొడి ఉన్నింది. నువ్వు అప్పుడే చెప్పింటే మళ్ళీ కలిపి చూపించేదాన్ని. పది నిమిషాల పని గిరీ."

కొండ బస్సు మలుపు తిరిగి వస్తోంది.

"వేదికా, ఇంకో మాట గూడా ఉండాది..."

"తెలుసు. దాని కోసమే ఈ చీర కట్టుకోనొచ్చినా" అని బస్సెక్కింది.

కిటికీ పక్కనే కూర్చుంది. ఇటు తిరగలేదు.