ఎదురు మనిషి

తెల్లవారేసరికి కాలవ మీద మంచు లేచి, చూరు కింద నుంచి ఇంట్లోకి వచ్చి, మగ్గం గుంటలో ఆగేది. రావమ్మ వాకిలి చిమ్మి లోపలికి వస్తే, మగ్గం మీద వేలాడే పాత దారాల వెనక కూతురు ఛాయ కూర్చుని కండెలు చుడుతున్నట్టు ఉండేది. దగ్గరికి వెళితే దారాలే.

నేతగాడు చీర దింపేటప్పుడు పడుగుని, అంటే నిలువు పోగుల్ని, మొదలంటా కొయ్యడు. దువ్వెనలాంటి అచ్చులో మూరెడు దారాలు వదులుతాడు. కొత్త పోగుల్ని వాటికే బూడిద అద్ది, నులిమి అతుకుతాడు. ఈ మగ్గం మీద మిగిలినవి ఛాయ చనిపోయిన వానాకాలంలో దింపిన చీర తాలూకువి. పిల్లకి జ్వరం వస్తే బెజవాడ మిషను ఆసుపత్రికి తీసుకెళదామంది రావమ్మ. చీర దిగనివ్వమన్నాడు భర్త అంకమ్మరావు. చీర దిగింది. పడవ బెజవాడ చేరింది. పిల్ల దక్కలేదు.

ఆ మాట మీద వాళ్ళు ఒక్కనాడూ పోట్లాడుకోలేదు. మాట్లాడుకోవడమే మానేశారు. యుద్ధం వల్ల నూలు దొరకలేదు, సొంత మగ్గం ఆపెయ్యడానికి అదొక వంక. అంకమ్మరావు ఇంకొకరి మగ్గం మీద కూలికి నేసేవాడు. రావమ్మ ఆదివారాలు కాలవ అవతలి పాకలో ప్రార్థనకు వెళ్ళేది. ఆ ప్రార్థన జరిపించే శౌరమ్మ, ఆసుపత్రిలో ఛాయ కళ్ళు మూసి, రావమ్మను ఒళ్ళో పడుకోబెట్టుకున్న నర్సు. తర్వాత ఈ ఊరికి పనిమీద వచ్చి ఉండిపోయింది.

ఎట్టకేలకు నూలు దొరికింది. ఆ ఆదివారం అంకమ్మరావు కొత్త పడుగు అతకడానికి కూర్చున్నాడు. ప్రార్థన కాగానే వస్తానని రావమ్మ గడప దాటబోయింది.

"వెళ్ళవే, ఆ దేవుడే వచ్చి మీ ఆయనకి గంజి కాచి పోస్తాడు" అంది అరుగు మీద కూర్చున్న ముసలి అత్త.

అంకమ్మరావు లేచాడు. "మన దేవుళ్ళు నీకేం అపకారం చేశారే?"

"దేవుళ్ళేం చెయ్యలేదు మావా."

ఆమె చూపు పాత దారాల మీదికి పోయింది. అతనూ అటే చూశాడు. కత్తి తీసి ఆ దారాలన్నీ కోసి, అచ్చులోంచి గుంజి పారేశాడు.

"మొదలు తీసేశావేంట్రా" అంది ముసలామె.

ఉత్త అచ్చుకి పోగు ఎక్కించడం ఒక్కడి వల్ల కాదు. వెనక నుంచి ఒకరు పోగు అందించాలి, ముందు నుంచి ఒకరు కొక్కెంతో లాగాలి. ముసలామెకు చూపు ఆనదు. రావమ్మ ప్రార్థన నుంచి తిరిగి వచ్చేసరికి అతను పోగులు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుని ఉన్నాడు. ఆమె కొక్కెం తీసుకుని ఎదురు కూర్చుంది.

ఎండ కప్పు సందుల్లోంచి దిగి దారాల మీద పాకింది. అచ్చు పళ్ళ మధ్య నుంచి అతని ముఖం ముక్కలుగా కనిపించింది. పోగు అందిస్తూ అతను అడిగాడు, పిల్లని తిరిగి ఇమ్మంటున్నావా అక్కడ అని.

"పిల్ల ఆయన దగ్గరే ఉంది. నీ మీద కోపం తియ్యమంటన్నా" అంది రావమ్మ. "నువ్వు కంచం ముందు కూచుంటే నాకు ఆ చీరే కనపడేది మావా. నా వల్ల కాదు అమ్మా అంటే, తనకి మేకులు కొట్టినోళ్ళనే క్షమించినాయన, ఆయన్నే అడుగు అంది శౌరమ్మగారు. అడగతన్నా."

"తీశాడా?"

"తీస్తన్నాడు. ఎదురు కూచున్నాను గదా."

అతని చెయ్యి ఆగిపోయింది. అచ్చు అవతల తల వంగింది.

"ఆ దారాల్లో పిల్ల నాకూ కనపడేదే" అన్నాడు. "కండెలు చుట్టుకుంటా."

రావమ్మ ఇన్నాళ్ళూ ఒక్కతే చూస్తున్నాననుకుంది. కొక్కెం అచ్చులో పెట్టి, కళ్ళు తుడుచుకోకుండానే అంది.

"పోగు అందించు మావా."

తడిసిన పోగు ఒకటి అటు నుంచి వచ్చింది.