ముందే రాసేసిన ఉత్తరం

బస్సు దిగేసరికి కొండ కనిపించలేదు.

కొండ ఉండాల్సిన చోట తెల్లటి పొగమంచు మాత్రమే ఉంది. ఐదో తరగతి పిల్లలంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎర్రబడిన అడవిని చూడటానికి ఏటా శరదృతువులో బడి నుంచి ఇక్కడికే వస్తారు.

"ఇద్దరిద్దరు చేతులు పట్టుకోండి. మెట్లు జారతాయి, చూసుకోండి," అన్నారు హోరిగుచి మాస్టారు.

అందరూ ఉసూరుమన్నారు, చిజురు తప్ప. ఆమె పని శుక్రవారమే అయిపోయింది మరి!

చిజురు స్నేహితురాలు సుమిరెకి కాలు విరిగింది. "నా బదులు కూడా నువ్వే చూసి, అన్నీ ఉత్తరంలో రాయవే," అని అడిగింది. పోయినేడు చూసిన కొండే, అవే చెట్లు. కొత్తగా చూసేదేముందని చిజురు రెండు పేజీలు ముందే రాసి సంచిలో పెట్టుకుంది. తన తెలివికి తానే మురిసిపోయింది కూడా. పొగమంచు సంగతి సుమిరెకి ఎలా తెలుస్తుంది?

అందుకే తల దించుకుని నడిచింది. తెచ్చుకున్న ఓనిగిరి అన్నం ముద్ద తింది. అందరికంటే ముందు బస్సెక్కి కిటికీ సీటు పట్టేసింది.

తిరిగొచ్చాక నేరుగా సుమిరె ఇంటికి వెళ్లింది. గుమ్మంలో బూట్లు విప్పి, లోపలికెళ్లి ఉత్తరం చేతికిచ్చింది. సుమిరె ఆత్రంగా పైకి చదవసాగింది.

"'కొండంతా ఎర్రగా ధగధగలాడింది. పైనుంచి చూస్తే దూరాన చెరువు మెరుస్తూ...'"

చదవడం ఆగిపోయింది. సుమిరె చెయ్యి చాచి కిటికీ తెర పక్కకి లాగింది. ఊరి చివర, కొండ మీద మబ్బు ఇంకా అలాగే కూర్చుని ఉంది.

"పొద్దుటి నుంచీ ఇక్కణ్ణుంచే చూస్తున్నా చిజూ. అది ఒక్కసారైనా తొలగలేదు. పాపం, మీకేమీ కనిపించదేమోనని బాధపడ్డా."

చిజురు చెవులు వేడెక్కాయి. లేచి పారిపోదామా అనిపించింది.

"శుక్రవారమే రాసేశా," అంది నెమ్మదిగా. "సారీ సుమిరె."

సుమిరె ఉత్తరం మడిచేసింది. దాన్ని చిజురు ఒళ్లో పడేసింది.

"సరే, నిజంగా ఏం చూశావో అది చెప్పు."

"ఏమీ కనిపించలేదే."

"కళ్లు మూసుకుని నడిచావా ఏంటి, మొద్దూ!"

చిజురు ఆలోచించింది. "దగ్గరికి వెళ్తేనే చెట్టు కనిపించేది. ఒక్కొక్కటీ. తడి ఆకులు బూట్లకి అంటుకున్నాయి. పసుపువే ఎక్కువ. ఆ... మాస్టారు 'మెట్లు జారతాయి' అంటూనే తనే జారి కూలబడ్డారు!"

సుమిరె పకపకా నవ్వింది. "ప్యాంటుకి బురదా?"

"వెనకంతా! బస్సులో పేపరు వేసుకుని కూర్చున్నారు."

"మరి వంతెన పక్కన పెద్ద మేపుల్ చెట్టు ఉంటుంది కదా, దాని ఆకులు రాలిపోయాయా?"

రాలిపోయాయనో, రాలలేదనో ఒక మాట అనేస్తే సరిపోయేది. సుమిరె నమ్మేసేది.

"తెలీదు," అంది చిజురు. "దాని పక్కనుంచే నడిచా. కానీ తలెత్తి చూడలేదు."

ఆదివారం చిజురు నాన్నని వెంటబెట్టుకుని మళ్లీ కొండకి వెళ్లింది. ఆ రోజూ ఎండ లేదు. వంతెన పక్కన మేపుల్ కింద నిలబడి తెల్ల కాగితం తీసింది. పై కొమ్మలు బోసిగా ఉన్నాయి. కింది కొమ్మలకి మాత్రం ఆకులున్నాయి, చివర్లు ముడుచుకుపోయి, ఎరుపుకంటే గోధుమరంగే ఎక్కువగా. అలాగే రాసింది.

"అయిందా తల్లీ? ఆకలేస్తోంది," అన్నాడు నాన్న.

"ఉండు నాన్నా. ఏటివైపు కొమ్మలు ఇంకా చూడలేదు," అంటూ చిజురు చెట్టు అటువైపుకి నడిచింది.