ఎగ్‌బర్ట్ వంతు రమ్ము

కారియకూ దీవి నుంచి గ్రెనడా దాకా తెరచాపని పైకి లాగే చక్రం, విన్చ్, తిప్పడంలో నన్ను మించినవాడు లేడు. అందుకే సీక్రెట్ ఏజెంట్ ఆల్విన్ కాజాబన్ ఆ మిషన్‌కి నన్నే ఎంచుకున్నాడు.

హెడ్‌క్వార్టర్స్ ఆర్డరు మూడు ముక్కలే. విదేశీ ముఠా సభ్యుల జాబితా గ్రెనడా చేరాలి. ఎయిర్‌పోర్టు మీద వాళ్ళ నిఘా ఉంది. సముద్రం మీద వెళ్ళండి.

ఆల్విన్ తెరచాపలు కుట్టేవాడి వేషంలో రేవుకొచ్చాడు. జాబితాని చాప అంచులో పెట్టి కుట్టేశాడు.

"లంగరు బరువెంత?" అన్నాను. అది కోడ్.

"మా అత్తగారంత."

పడవ పేరు లేడీ మేవిస్. మూడేళ్ళ క్రితం దాని డెక్ మీదే మా ఏజెంట్ ఎగ్‌బర్ట్‌ని ముఠా చంపి నీళ్ళలోకి తోసింది. శవం దొరకలేదు. ఆ తర్వాత ఆ పడవలో ఒంటరిగా పడుకున్నవాడు లేడు.

మార్టినిక్ నుంచి వచ్చిన మా మూడో ఏజెంట్ సొలాంజ్. ఎంత అందగత్తె అంటే, ఆమెని చూస్తూ రేవులో ఇద్దరు నీళ్ళలో పడ్డారు. జాబితా ఎక్కడుందో ఆమెకీ తెలియదు.

"డెక్ మీద సామానంతా నిన్ననే చూశాను. చాప ఎత్తండి. నాకు తెరచాప పడవ పడదు, ఫెర్రీలో వస్తా," అంటూ ఆమె తెడ్డుపడవలోకి దిగింది.

"ఉండు. ముందు ఎగ్‌బర్ట్‌కి పొయ్యాలి," అన్నాడు ఆల్విన్. పడవ మీద పోయినవాళ్ళకి తెరచాప కొయ్య మొదట్లో రమ్ము పోయకుండా మేం చాప ఎత్తం.

"చచ్చినవాడికి మందేంటయ్యా?" అని నవ్వింది సొలాంజ్. "నువ్వు తిప్పు పెద్దాయనా, ఆలస్యమవుతోంది."

అందగత్తె అడిగింది కదాని నేను విన్చ్‌లో హ్యాండిల్ దూర్చే పనిలో పడ్డాను. ఆల్విన్ రమ్ము పోశాడు. అది వాలుకి జారి, అంచున ఉన్న కన్నంలోంచి సముద్రంలో పడాలి. పడలేదు. విన్చ్ కిందికి చేరి అక్కడే ఇంకిపోయింది.

"ఎగ్‌బర్ట్‌గాడికింకా దాహం తీరలేదురా," అన్నాను.

ఆల్విన్ నా మణికట్టు మీద కాలేశాడు. "తిప్పకు, అన్నా. దీన్ని ఎవరో ఊడదీసి మళ్ళీ బిగించారు. కింద సీలు వెయ్యలేదు. డెక్‌లోకి నీళ్ళు దిగేలా మనవాడెవడైనా వదులుతాడా?"

మరలు విప్పాడు. కింద బాంబు. హ్యాండిల్ వెంట్రుకవాసి తిరిగినా రెండు తీగలూ కలిసేవి. చాపలు కోసే కత్తితో ఒక తీగ తెంచాడు.

సొలాంజ్ అప్పటికే గబగబా తెడ్లు వేస్తోంది.

"అమ్మాయ్, ఫెర్రీ ఇటు," అని కేకేశాడు ఆల్విన్. ఫెర్రీ పక్కనే ఉన్న పోలీసు లాంచి ఆమె వెంట కదిలింది.

నా పనితనం సంగతంటారా, ఆ హ్యాండిల్ దూర్చడానికే నాకంత సేపు పట్టింది. నిజంగా పని వచ్చినవాడైతే, సీసా మూత తీసేలోగానే ఇద్దరినీ ఆకాశానికి పంపేవాడు.

చాప చేతులతోనే ఎత్తాం. పడవ రేవు దాటగానే మా ఇద్దరి మధ్యనుంచి తడికాళ్ళ చప్పుడు నింపాదిగా ముందు డెక్ చివరిదాకా నడిచి ఆగింది. తర్వాత నీళ్ళలో ఎవరో దూకిన శబ్దం. పలకల మీద తడి లేదు. ఆల్విన్ మిగతా సీసా కూడా అక్కడే వంచాడు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే: సొలాంజ్ అందం.