రీసెర్చ్ పోస్టుకు ఒకే అభ్యర్థి

"ఈ బండి ఎర్రుపాలెంలో ఆగుతదా?"

మధిర స్టేషన్ రెండో ప్లాట్‌ఫామ్ మీద, బెంచీకి ఆ చివర కూర్చున్న మనిషి అడిగాడు. మెడకు మఫ్లర్, ఒళ్ళో లాప్‌టాప్ బ్యాగు, చేతిలో సగం తాగిన టీ గ్లాసు. మాట జెబాతోనే అయినా, చూపు ప్లాట్‌ఫామ్ అంతా తిరుగుతోంది.

జెబా వారపత్రిక మడిచింది. "ప్యాసింజర్ ఆగుతది. మీరు ఎక్కేది ఎక్స్‌ప్రెస్."

కోడ్ సరిపోయింది. ప్రొఫెసర్ బాలకృష్ణ ఇతనే. పాల్వంచ అవతల అడవిలో ఉన్న విదేశీ రీసెర్చ్ సెంటర్ నుంచి తప్పించుకుని, ఖమ్మం స్టేషన్‌లో కాపలా ఉంటుందని భయపడి ఇంత దూరం వచ్చాడు. అతన్ని భద్రంగా హైదరాబాద్ చేర్చడమే సీక్రెట్ ఏజెంట్ జెబాకు ఆ ఉదయం అప్పగించిన పని.

"వాళ్ళకు కావాల్సింది నేను చెయ్యలేదు," అన్నాడు బాలకృష్ణ గొంతు తగ్గించి. "నేను కాకపోతే ఇంకొకరు. అందుకే..."

మాట ఆగిపోయింది. చేతిలో గ్లాసు జారి పగిలింది. పెదవులు నీలంగా మారుతున్నాయి. జెబా అతని భుజం పట్టుకుని వంగింది.

"ఆ ఉద్యోగం..." అన్నాడతను కష్టం మీద. "చేరొద్దు."

అంతే. ప్రాణం పోయింది. జనం మూగుతుంటే జెబా తల ఎత్తి చూసింది. ఫుట్‌బ్రిడ్జి మీద చిలకాకుపచ్చ చీర కట్టిన స్త్రీ ఒకతె, వెనక్కి తిరిగి చూడకుండా, తీరిగ్గా మెట్లు దిగిపోతోంది.

* * *

ఖమ్మం ఊరి చివర ఖానాపురం హవేలిలో ఒక మేడ. కింద కంప్యూటర్ కోచింగ్ బోర్డు. పైగదిలో చీఫ్ హాతీరాం. ఇల్లందు దగ్గరి తండాలో పుట్టి, ఢిల్లీలో మంత్రులకు బ్రీఫింగ్ ఇచ్చే స్థాయికి ఎదిగినా మాట మాత్రం మార్చుకోని మనిషి.

"కూసో," అని పేపరు ముందుకు తోశాడు. "శవం ఇంకా దవాఖానలనే ఉన్నది. కుర్చీకి అప్పుడే యాడ్ ఇచ్చిన్రు."

జెబా చదివింది. రీసెర్చ్ ప్రొఫెసర్ కావలెను. అంశం: ఎయిర్‌లైన్ ఆపరేషన్స్‌లో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్, ఆప్టిమైజేషన్.

"గిరిజన ప్రాంతంల టెక్నాలజీ అని చెప్పి సెంటర్ పెట్టిన్రు. మేఘమాల ఎయిర్‌వేస్‌కు వీళ్ళ సాఫ్ట్‌వేరే ట్రయల్ నడుస్తున్నది. పొగమంచు పడ్డదనుకో, విమానాలు లేటయితయి. ఏ విమానం ఎటు పోవాలె, ఏ పైలట్ దేంట్ల ఎక్కాలె, ఈ కంప్యూటర్ లెక్క గట్టి చెప్తది. ఎయిర్‌లైనోళ్ళు గట్లనే చేస్తరు. ఈ సెంటర్ ఎనక ఉన్న విదేశీ ముఠాకు దీంట్ల ఏం లాభమో మనకు తెల్వదు. నువ్వు తెలుసుకోవాలె."

"ఆయన చివరి మాట 'చేరొద్దు' అని, సార్."

"ఆయన చేరొద్దన్నడు. నేను చేరుమంటున్న."

సర్వీసులోకి రాకముందు ఆమె చదివింది ఇదే సబ్జెక్టు. పీహెచ్‌డీ సగంలో వదిలేసి వచ్చింది. ఆ యాడ్ మామూలు రోజుల్లో కనబడి ఉంటే అప్లికేషన్ పెట్టకుండా ఉండేది కాదు. ఆ ఆశ ఇప్పటికీ లోపలెక్కడో మిగిలి ఉందని తెలిసి ఆమెకే ఇబ్బందిగా అనిపించింది.

"లోపల మన మనిషి ఒకామె ఉన్నది. కోడ్ నేమ్ కోయిల. వాళ్ళ దగ్గర జీతం తీసుకుంట మనకు వార్తలు ఇస్తది. లెక్కలొచ్చిన మనిషిని పంపుమని చెప్పింది గూడ ఆమెనే."

"నమ్మొచ్చా సార్?"

"రెండు దిక్కుల పనిచేసేటోళ్ళను నమ్ముతమా? వాడుకుంటం."

తర్వాత సరంజామా. జెబా చేతికి ఒక గాజు. దాని మీది రాయి నొక్కితే డ్రైవర్ ముక్తార్ చెవిలోని హియరింగ్ ఎయిడ్ టిక్ టిక్‌మంటుంది. ముక్తార్ ఏజెన్సీ మనిషే. చెవిటివాడిగా వేషం. వాళ్ళ జీపు సీటు కింద వైర్‌లెస్ సెట్ ఉంది. జెబా సిగ్నల్ ఇస్తే ముక్తార్ ఖమ్మానికి కబురు చేరవేస్తాడు.

* * *

2007 డిసెంబరు. పాల్వంచ దాటాక రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు దగ్గరపడ్డాయి. మధ్యాహ్నమైనా మంచు పూర్తిగా విడవలేదు. సెల్‌ఫోన్‌లో సిగ్నల్ పోయింది.

"ఆపా, నాకు ఈ జాగ నచ్చుతలేదు," అన్నాడు ముక్తార్, ఎప్పటిలాగే ఆమెను అక్కను పిలిచినట్టు పిలుస్తూ. "పిట్ట గూడ కూస్తలేదు."

"చెవిటోనివి గదా, నీకెట్ల వినబడ్తది?" అంది జెబా. ఇద్దరూ నవ్వారు. కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

సెంటర్ పాతకాలపు ఫారెస్ట్ బంగళా. కప్పు మీద పెద్ద శాటిలైట్ డిష్. గేటు దగ్గర వంటమనిషి జంపక్క కట్టెల మోపు దించుకుంటూ జెబాను ఎగాదిగా చూసింది.

"నువ్వు గూడ లెక్కల పనికేనా బిడ్డా?"

"అవ్."

"ఆ సారు మంచోడు. పోయేముందు మా గూడెం కాడ ఆగి మంచినీళ్ళు తాగిండు. ఎనకకు చూసుకుంటనే తాగిండు." జంపక్క బంగళా వైపు చూసి గొంతు తగ్గించింది. "పనైపోంగనే పో. ఉండకు."

ఇంటర్వ్యూ గదిలో ఇద్దరు. ఒకడు లార్సెన్, విజిటింగ్ సైంటిస్ట్. రంగులేని కళ్ళు, కదలని ముఖం. రెండో మనిషి డైరెక్టర్ నిర్మలాదేవి. నలభై దాటినా సినిమా పోస్టర్ నుంచి దిగివచ్చినట్టుంది. నల్లకళ్ళద్దాలు తలమీదికి తోసుకుని, చిలకాకుపచ్చ పట్టుచీర కొంగు సర్దుకుంది.

జెబా ఆ చీరను గుర్తుపట్టింది. ఫుట్‌బ్రిడ్జి మీద చూసింది ఈమెనే.

లార్సెన్ ఫోన్ కోసం బయటికి వెళ్ళగానే నిర్మలాదేవి ముందుకు వంగింది. "అడవిలో కోయిల కూడా అద్దె గూట్లోనే ఉంటుంది." హాతీరాం చెప్పి పంపిన కోడ్ అదే. కోయిల ఈమెనే. "మధిరలో నన్ను చూశావు కదూ? అతన్ని హెచ్చరించడానికే వచ్చాను. అప్పటికే ఆలస్యమైంది. ముందు లార్సెన్‌కు నమ్మకం కలిగించు. టెస్ట్ బాగా చెయ్యి."

"మిగతా అభ్యర్థులెక్కడ?"

"రాలేదు." ఆమె నవ్వింది. "నీ ఒక్కదాని అప్లికేషనే వచ్చింది."

టెస్ట్ కంప్యూటర్ మీద. ఒక నగరంలో పొగమంచు. కొన్ని విమానాలు, పైలట్లు. అన్నిటికీ పేర్ల బదులు అక్షరాలు, నంబర్లు. కావలసిందల్లా ఒక్కటే. ఐదో విమానం మూడో రూటుకు వెళ్ళాలి. అలాగని ఎయిర్‌లైన్‌కు ఒక్క నిమిషం కూడా అదనపు ఆలస్యం కనబడకూడదు. ఏ మేనేజర్ చూసినా, ఇంతకంటే మంచి ప్లాన్ లేదు అనిపించాలి.

గట్టి లెక్క. జెబా కుర్చీలో ముందుకు జరిగింది. చాలా ఏళ్ళ తర్వాత మెదడుకు సరైన మేత దొరికింది. ఒక పైలట్‌ను ఇటు, ఒక విమానాన్ని అటు, ఒక చిన్న షరతు సడలించి... సాయంత్రమయ్యేసరికి ప్లాన్ తయారైంది. ఎక్కడా అతుకు కనబడదు.

లార్సెన్ మొదటిసారి నవ్వాడు. "కంగ్రాచ్యులేషన్స్, ప్రొఫెసర్."

ఆ మాటకు తన ఒళ్ళు పులకరించడం జెబాకు తెలిసింది. సిగ్గేసింది.

* * *

పొద్దున కిటికీ తెరిస్తే అడవి కనబడలేదు. అంతా తెల్లటి మంచు. నిర్మలాదేవి స్వయంగా వచ్చి సర్వర్ రూమ్‌కు తీసుకెళ్ళింది.

గోడంత స్క్రీన్. మేఘమాల ఎయిర్‌వేస్ విమానాలన్నీ లైవ్‌లో. హైదరాబాద్‌లో దట్టమైన పొగమంచు. ఆ స్క్రీన్ మీద నిన్నటి ప్లాన్ జెబాకు ఎదురుగా నిలబడి ఉంది. అక్షరాల స్థానంలో ఊళ్ళ పేర్లు వచ్చాయి. మూడో రూటు హైదరాబాద్ నుంచి విశాఖపట్నం. ఐదో విమానం పాత ప్రొపెల్లర్ విమానం, వారం కిందట రిపేరు షెడ్డు నుంచి వచ్చింది.

"ఎవరున్నరు దాంట్ల?" అంది జెబా.

"మిసైల్ టెస్ట్‌కు వెళ్తున్న డిఫెన్స్ సైంటిస్టులు. పూర్తి టీమ్," అంది నిర్మలాదేవి. "వాళ్ళు ఎక్కాల్సిన విమానాన్ని నిన్నటి నుంచే కమాండోలు కాపలా కాస్తున్నారు. కానీ పొగమంచుకు విమానం మారితే? కొత్త విమానానికి మామూలు తనిఖీయే. ఐదో విమానం గోడలో ఒక చిన్న పరికరం ఉంది. నేల మీద ఏమీ చెయ్యదు. ఆకాశంలో ఎత్తుకు చేరగానే పేలుతుంది."

జెబా వేలు గాజు మీది రాయిని నొక్కింది. ఆగి ఆగి, మళ్ళీ మళ్ళీ నొక్కింది.

గదిలో ఎక్కడో టిక్ టిక్‌మంది.

లార్సెన్ అరచెయ్యి తెరిచాడు. అందులో ముక్తార్ హియరింగ్ ఎయిడ్. ఆమె వేలి కింద నుంచి పోతున్న ప్రతి సంకేతం అతని చేతిలో మోగుతోంది. అతను దాన్ని నేల మీద వేసి బూటుతో నలిపాడు. ఇద్దరు గార్డులు ముక్తార్‌ను లోపలికి ఈడ్చుకొచ్చారు. నుదుటి మీద రక్తం.

"జీపు తగలబెట్టిన్రు, ఆపా."

జెబా నిర్మలాదేవి వైపు తిరిగింది. "బాలకృష్ణ ఈ ప్లాన్ చెయ్యనన్నడు. అందుకే..."

"అందుకే ఇంకొక మంచి మెదడు కావాల్సి వచ్చింది. యాడ్ ఇస్తే ఎవరొస్తారు ఈ అడవికి? మీ హాతీరాం గారినే అడిగాను. వెతికి మరీ పంపారు. ఈ హత్యకు ఆర్డర్ ఇచ్చిన మనిషంటూ ఎక్కడా ఉండడు, జెబా. పొగమంచు, కంప్యూటర్, దురదృష్టం. ఎంక్వైరీ అంతవరకే వెళ్తుంది."

స్క్రీన్ మీద ఒక మెసేజ్ మెరిసింది. హైదరాబాద్ డ్యూటీ మేనేజర్ నుంచి. ఐదో విమానం కెప్టెన్‌కు డ్యూటీ గంటల పరిమితి దాటిపోయింది, వేరే పైలట్‌ను చూపండి.

లార్సెన్ పిస్టల్ తీసి ముక్తార్ కణతకు ఆనించాడు. "ప్రొఫెసర్, మీ ప్లాన్. మీరే సరిచెయ్యండి."

"ఆపా, నన్ను చూడకు," అన్నాడు ముక్తార్. "చెయ్యకు."

జెబా కూర్చుంది. బయటికి ఫోన్ లేదు, వైర్‌లెస్ లేదు. ఈ అడవి నుంచి హైదరాబాద్ చేరే దారి ఈ ఒక్క లింకే. అందులో మాటలు పోవు. నంబర్లు మాత్రమే పోతాయి. అయితే నంబర్లతోనే మాట్లాడాలి.

ఆమె వేళ్ళు కీబోర్డు మీద పరిగెత్తాయి. ఒక పైలట్‌ను బెంగళూరు ఫ్లైట్‌కు, ఒకణ్ణి తిరుపతికి, అవసరానికని స్టాండ్‌బైలో ఖాళీగా ఉంచిన ఇద్దరినీ కొత్త డ్యూటీలకు. ఐదో విమానానికి నలభై ఒకటో నంబరు కెప్టెన్. ఆ నంబరు కింద సాఫ్ట్‌వేర్ ఎర్రగీత చూపిస్తే, లార్సెన్ చూపు నిర్మలాదేవి వైపు మళ్ళిన క్షణంలో ఆ షరతు తీసేసింది.

లార్సెన్ వంగి చూశాడు. డ్యూటీ గంటలు పరిమితిలోనే ఉన్నాయి. ఆలస్యం పెరగలేదు. "సెండ్."

ఆమె పంపింది. హైదరాబాద్ ఒప్పుకుంది.

సర్వర్ల హోరు తప్ప చప్పుడు లేదు. స్క్రీన్ మీద ఐదో విమానం పక్కన అక్షరాలు మారాయి. బోర్డింగ్. కాసేపటికి, బోర్డింగ్ పూర్తి. ఆ నలభై ఒకటో నంబరు కెప్టెన్ తొందరలో ఏదీ చూసుకోకుండా కాక్‌పిట్‌లో కూర్చుంటే? మంచు విడుస్తోంది. మొదటి విమానం రన్‌వే మీదికి కదిలింది. దాని వెనక వంతు ఐదోదే.

అక్షరాలు మళ్ళీ మారాయి. ఎర్రగా.

హోల్డ్.

వెంటనే డ్యూటీ మేనేజర్ మెసేజ్. పరుగున వచ్చిన కెప్టెన్ విమానం మెట్ల దగ్గర ఆగిపోయాడు. అతనికి జెట్ లైసెన్స్ మాత్రమే ఉంది. ప్రొపెల్లర్ విమానం నడిపే అర్హత లేదు. ప్రయాణికులను దించుతున్నాం.

"ఇంకో పైలట్‌ను పెట్టు!" లార్సెన్ అరిచాడు.

"లేడు," అంది జెబా. "హైదరాబాద్‌ల ఉన్న ప్రతి పైలట్‌కు పని ఇచ్చేసిన. నా ప్లాన్‌లో ఒక్క మనిషి గూడ ఖాళీగ ఉండడు."

పిస్టల్ ముక్తార్ కణత వదిలి ఆమె వైపు తిరిగింది. గదిలో తుపాకీ ఒక్కసారి పేలింది. జెబా కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి లార్సెన్ కుర్చీ మీద పడి ఉన్నాడు. నిర్మలాదేవి చేతిలో చిన్న పిస్టల్, కొస నుంచి సన్నటి పొగ. గార్డులు తలుపు తీసుకుని అడవిలోకి పరుగెత్తారు.

"నీ ప్రాణం నేను కాపాడానని రిపోర్ట్‌లో రాయి," అంది ఆమె, చీర కుచ్చిళ్ళ మీద పడ్డ చుక్కను చూసి చిరాకు పడుతూ.

"విమానం లేచి ఉంటే?"

"అప్పుడు వేరే రిపోర్ట్ రాసేవాళ్ళు."

"మధిరల టీల విషం కలిపింది గూడ రాస్త," అంది జెబా. ముక్తార్ ముందుకు నడిచి ఆమె చేతిలోని పిస్టల్ తీసుకున్నాడు. నిర్మలాదేవి అడ్డు చెప్పలేదు. కళ్ళద్దాలు కిందికి దించుకుంది.

"రాసుకో. నాకు తెలిసిన పేర్లు మీ హాతీరాం గారికి చాలా అవసరం. వచ్చే ఏడు నేనెక్కడుంటానో చూడు."

అది బెదిరింపులా లేదు. మామూలు సంగతి చెప్పినట్టుంది. జెబాకు ఆ గదిలో అన్నిటికంటే భయం వేసింది ఆ గొంతు విన్నప్పుడే.

జెబా లార్సెన్ జేబులోని శాటిలైట్ ఫోన్ తీసి ఖమ్మానికి కలిపింది. విషయం చెప్పి గోడకు ఆనుకుని కూలబడింది. ముక్తార్ తన రుమాలు సగం చింపి నుదుటికి కట్టుకుని, మిగతా సగం ముఖం తుడుచుకొమ్మని ఆమెకిచ్చాడు.

* * *

మూడో రోజు ఖానాపురం హవేలి మేడ మీద హాతీరాం ఫోన్ పెట్టేసి గడ్డం రుద్దుకున్నాడు. ఐదో విమానం గోడలో పరికరం దొరికింది. విషయం బయటికి పొక్కకుండా కప్పేశారు. సైంటిస్టులకు కూడా చెప్పలేదు. వాళ్ళు ఆ రోజు సాయంత్రమే వేరే విమానంలో విశాఖ చేరారు.

"ఏమైంది సార్?" అంది జెబా.

"ఆ టీమ్ లీడర్ మంత్రి దాకా పోయిండు. పొద్దటి నుంచి పొద్దుగూకే దాక ఎయిర్‌పోర్టుల కూసోబెట్టిన్రట, తిననీకె చల్లటి సమోసలు ఇచ్చిన్రట. జెట్ పైలట్‌ను ప్రొపెల్లర్ కాడికి తోలిన ఆ తెలివితక్కువోడు ఎవడో కనుక్కొని, జన్మల మళ్ళా విమానాల దిక్కు రాకుండ చెయ్యాల్నని పట్టువడ్తున్నడు."

"మీరేమన్నరు?"

"ఆ పోస్టు ఇప్పటికే ఖాళీ అయిందని చెప్పిన."