నడిమధ్య జాకీ

మొదటిరోజే ఆమె అతన్ని నిలువునా తడిపేసింది.

పాస్టరుగారమ్మాయి నిచ్చెనెక్కి, సంఘం కట్టుకుంటున్న చర్చికి కొత్తగా పోసిన కాంక్రీటు గుమ్మటం మీద పరిచిన గోనెసంచులకు పైపుతో నీళ్లు కొడుతోంది. గుమ్మటానికి కింద అచ్చు బిగించిన సెంట్రింగ్ మేస్త్రీ అవతలివైపు వంగి ఏదో చూసుకుంటున్నాడు.

"అయ్యో! చూడలేదండీ. వాననుకోండి."

"వానకి ఇంత గురి ఉండదండీ," అన్నాడతను, మొహం తుడుచుకుంటూ. "సిస్టర్ గారూ, కాస్త పక్కకి కొట్టండి."

సంఘంలో అందరూ ఆమెను సిస్టర్ అనే పిలుస్తారు. ఆ పిలుపు మీద ఆమెకు కోపం రావడం మాత్రం అదే మొదటిసారి.

"మీరు టీచరనండి చాలు. సండే స్కూల్ చెప్తాను," అంది.

కాంక్రీటు గట్టిపడ్డానికి ఇరవై ఎనిమిది రోజులు నీళ్లు కొట్టాలి. తర్వాత గుమ్మటాన్ని కిందినుంచి మోస్తున్న ఇనుప జాకీలు తీసెయ్యాలి. అవి లారీ ఎక్కి ఇంకో ఊరి పనికి వెళ్లాలి. వాటితోపాటు మేస్త్రీ కూడా. ఈ సంగతి తెలిసిన రోజునుంచి, తడి ఆరకుండా ఉంటే రోజులు కూడా ఆగుతాయన్నట్టు, ఆమె నీళ్లు ఇంకా ఎక్కువ కొట్టసాగింది.

ఇదిలా ఉండగా సంఘం ఆగలేదు. నలభైమందితో మొదలై నాలుగువందలయ్యారు. అద్దె హాలులో ఒకరు ఊపిరి పీలిస్తే పక్కవాళ్లు వదలాల్సి వచ్చేది. గుమ్మటం పోసిన రెండోవారానికే, మేస్త్రీ వద్దు వద్దంటున్నా, అందరూ వచ్చి ఆ జాకీల అడవిలో కుర్చీలు వేసుకున్నారు.

అక్కడే వచ్చింది చిక్కు. జాకీలకు జనం అలవాటు పడిపోయారు. ప్రతి కుటుంబానికీ ఒక జాకీ. దానికే సంచి తగిలించడం, దానికే వీపు ఆనించడం. రెండు జాకీల మధ్య ఎవరో ఉయ్యాల కట్టారు. టైలరుగారి కుటుంబం తమ జాకీకి పూలగుడ్డతో తొడుగు కుట్టించింది. ఇరవై తొమ్మిదోరోజు మేస్త్రీ స్పానరు పట్టుకొస్తే సంఘపెద్దలు అడ్డంగా నిలబడ్డారు.

"ఇవి తీస్తే గుమ్మటం ఆగుతుందంటావా బాబూ?"

"ఆగడానికేగా కట్టాం!"

"విశ్వాసముందయ్యా. విశ్వాసంతోపాటు జాకీ కూడా ఉండనీ."

ఆ ఆదివారం పాస్టరుగారు విశ్వాసం గురించి గంటసేపు బోధించారు. బోధించినంతసేపూ ఒక చెయ్యి జాకీ మీదే ఉంది.

వారం వాయిదా పడింది. తర్వాత పాటల ప్రాక్టీసని ఇంకో వారం. ఆ సాకు చెప్పింది టీచరే. నలభయ్యోరోజు కూడా ఆమె నిచ్చెన మీదే ఉంది.

"ఇరవై ఎనిమిది రోజులు చాలండీ," అన్నాడు మేస్త్రీ కిందినుంచి.

"కాంక్రీటుకి చాలేమో," అని ఆమె పైపు కొంచెం ఇటు తిప్పింది. అతను తప్పుకోలేదు.

చివరికి లారీ వచ్చి వాకిట్లో నిలబడింది. జాకీలు మధ్యనుంచి మొదలుపెట్టి అంచులకు తీసుకుంటూ రావాలి. మేస్త్రీ నడిమధ్యకు వెళ్లేసరికి టీచరు ఆ జాకీని రెండు చేతులా వాటేసుకుని నిలబడి ఉంది.

"దీన్ని తియ్యనివ్వను."

"ఏం?"

ఆమె జాకీని ఇంకా గట్టిగా పట్టుకుంది. నోటికొచ్చింది అనేసింది: "పడిపోతే?"

అతని మొహం వాడిపోయింది. "ఎవరేమన్నా నేను బాధపడలేదు టీచరుగారూ. మీక్కూడా నా పనిమీద నమ్మకం లేదా?"

ఆమె చేతులు వాటంతటవే వదిలేశాయి.

స్పానరు చప్పుడు మొదలవగానే నాలుగువందలమందీ వీధిలోకి పరుగెత్తారు. ముందు పరుగెత్తింది పాస్టరుగారు. బయట వాన. గొడుగుల కింద గుమ్మటం వంకే చూస్తూ నిలబడ్డారు. అప్పుడు టీచరు ఒక కుర్చీ తీసుకుని ఒక్కతే లోపలికెళ్లి, గుమ్మటం నడినెత్తి కింద వేసుకుని కూర్చుంది.

అతను ఒకసారి ఆమె వంక చూసి స్పానరు తిప్పాడు. జాకీ తర్వాత జాకీ దింపాడు. పనివాళ్లు మోసుకుపోయారు. సాయంత్రానికి గోడవార ఆఖరిది కూడా వెళ్లిపోయింది. గుమ్మటం కదల్లేదు. లోపల ఇద్దరే మిగిలారు.

"భయం వెయ్యలేదా?" దగ్గరికొచ్చి అడిగాడు.

"నేను జాకీని పట్టుకుంది గుమ్మటం పడుతుందని కాదు," అంది ఆమె, గొంతు బాగా తగ్గించి. "అవి పోతే మీరూ వెళ్లిపోతారని."

జాకీల అడవి ఉన్నన్నాళ్లూ గుమ్మటం నోరు విప్పలేదు. ఇప్పుడు ఖాళీ అయింది. ఆమె గుసగుసను అందుకుని, ఒక చుట్టు తిప్పి, పెంచి, తెరిచిన తలుపుల్లోంచి వీధిలోకి విసిరింది: "వెళ్లిపోతారని... పోతారని..."

గొడుగులన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి.

మేస్త్రీ కంగారులో ఇంకా చిన్నగా అన్నాడు. "పనికి వెళ్లాలి కదండీ. కానీ ప్రతి శనివారం వచ్చేస్తా." గుమ్మటం దాన్నీ దాచలేదు. "వచ్చేస్తా... వచ్చేస్తా..."

అంతే, నాలుగువందలమందీ లోపలికి తోసుకొచ్చేశారు. విశ్వాసంతో కాదు, తర్వాతి మాట ఎక్కడ పోతుందోనన్న ఆత్రంతో. నెత్తిమీద జాకీల్లేని కాంక్రీటు ఉందన్న సంగతే ఎవరికీ గుర్తులేదు.

పాస్టరుగారు తడిసిన కళ్లద్దాలు తుడుచుకుని కూతుర్నీ అతన్నీ మార్చి మార్చి చూశారు. "ఇంతమంది విన్నాక ఇక నేనడిగేదేముందమ్మా? పెళ్లి ఇక్కడే. కాకపోతే మీ కబుర్లు మాత్రం బయటెక్కడన్నా చెప్పుకోండి."

"ఆమేన్!" అంది సంఘం. గుమ్మటం ఏడుసార్లు అంది.

పెళ్లినాడు మేస్త్రీ గుమ్మటం కింద నిలబడి ఆశ్చర్యపోయాడు. నడిమధ్యన ఒక జాకీ! పైన కాంక్రీటుకీ దానికీ నడుమ జానెడు ఖాళీ. పక్కనే కుర్చీలో పాస్టరుగారి తల్లి, దాన్ని గట్టిగా పట్టుకుని.

"నాయనమ్మా, ఇది లారీ ఎక్కలేదా? ఇదిక్కడ దేన్నీ మొయ్యడం లేదు కదా?"

"మొయ్యక్కర్లేదు నాయనా. లారీ కదిలేముందు నేనే దింపించాను," అందావిడ, చెయ్యి తియ్యకుండా. "నా బతుకంతా వెళ్లిపోయేవాళ్లనే చూశాను. ఇదొక్కటీ వెళ్లకుండా ఉంటే చాలు."