గొట్టం కొసన గాడులు

ఇల్మా పరిగెడుతోంది!

చేతిలో తుపాకీ లేదు... తుపాకీ గొట్టం మాత్రమే ఉంది.

వెనక వైనో. అతని చేతిలో గొట్టం లేని తుపాకీ!

"ఇల్మా! ఆగు! ఆ బ్యారెల్ ఇచ్చెయ్!"

ఆగుతుందా? అరవై దాటిన మోకాళ్ళు. పిక్కల దాకా మంచు. సాయంత్రమే కళ్ళు పొడుచుకున్నా కనబడని చీకటి. నవంబర్లో మిషిగన్ ఉత్తరపు కొసన అంతే మరి.

చుట్టూ దేవదారు అడవి. గొంతు చించుకుని అరిచినా వినే నాథుడు లేడు. మొగుడు ఆర్వో పోయినప్పట్నుంచీ లేడు!

ఇందాకటి దాకా అంతా మామూలే. శనివారం. వైనో వచ్చాడు. కాఫీ, యాలకుల రొట్టె, పేకాట. మొగుడు చచ్చిపోయిన ఈ నాలుగేళ్ళలో ఇల్మా తలుపు తట్టే మనిషి అతనొక్కడే. వారమంతా ఆ తట్టు కోసమే చెవులు రిక్కించుకుని బతికేది.

ఈసారి అతని చంకలో పాత పంపు తుపాకీ... కింది పిడి వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించే రకం.

"కళ్ళు మసకలొచ్చేశాయి. ఇంక వేట మానేస్తున్నా. ఎంత పలుకుతుందో చూసి పెట్టు."

తుపాకుల రిపేరు షాపు ఆర్వోది. ఇప్పుడు ఇల్మాది. ఈ తుపాకీ ఆమెకి కొత్తేం కాదు. ఆర్వోదీ అదే రకం. స్నేహితులిద్దరూ ఒకే రోజు కొనుక్కున్నారు. ఆర్వోది ఇప్పటికీ వంటింటి గోడకి వేలాడుతోంది.

తుపాకీ కర్ర పిడి చూసింది. బాగానే ఉంది. బ్యారెల్ ఊడదీసి, వెనక వైపు నుంచి దీపానికి పట్టి చూసింది. లోపలంతా నున్నగా...

"నిక్షేపంలా ఉందయ్యా. మామూలు నున్నటి గొట్టమే."

అలవాటుగా గొట్టం మూతిలో చిటికెన వేలు పెట్టింది.

వేలు ఆగిపోయింది!

గాడులు... మెలి తిరిగిన గాడులు! కొసన బెత్తెడు మేర మాత్రమే. మిగతా అంతా నునుపే!

ఇలాంటి గొట్టం గురించి ఆర్వో చెప్పగా వినడమే. పిట్టల్ని కొట్టే సీసపు రవ్వలూ కాల్చొచ్చు, ఒంటి గుండూ సూటిగా పోతుంది. చాలా అరుదు. ఇంకో రోజైతే ఇల్మా ఎగిరి గంతేసేది.

ఇవాళ ఒళ్ళు చల్లబడింది.

వేటకెళ్ళి శవమై దొరికిన ఆర్వో ఛాతీలోంచి తీసిన సీసపు గుండు మీద మెలి తిరిగిన గీతలున్నాయి... ఇలాంటి గాడులే గీసే గీతలు. ఎవరు కాల్చారో తేలలేదు. పోలీసులు చుట్టుపక్కల తుపాకులన్నీ పట్టుకెళ్ళి చూశారు. అన్నీ నున్నటి గొట్టాలే. వైనోది కూడా!

అంటే వైనోకి రెండు గొట్టాలున్నాయి. ఒకటి పోలీసులకి చూపించాడు. ఒకటి దాచాడు. ఇవాళ మసక కళ్ళతో... దాచినదే బిగించుకొచ్చాడు!

తలెత్తింది. వైనో చూస్తున్నాడు. ఆమె మొహం వంక కాదు... వేలి వంక!

"ఏంటి ఇల్మా?"

"ఏం లేదు. కాఫీ పెట్టుకొస్తా."

గొట్టంతోనే వంటింట్లోకి వెళ్ళింది. గడియ పెట్టింది. కుళాయి బార్లా తిప్పింది. కాసేపటికి వెనక తలుపు ధడేల్మంది!

అదిగో, అప్పట్నుంచీ ఈ పరుగు.

చెట్లు అయిపోయాయి. ఎదురుగా సరస్సు! ఇల్మా కాలు జారింది. వైనో మీద పడ్డాడు. పెనుగులాట... గొట్టం లాక్కున్నాడు. బలమంతా పెట్టి విసిరాడు!

ఛళ్! పల్చటి మంచు పొర చీల్చుకుని గొట్టం మునిగిపోయింది.

ఇద్దరూ రొప్పుతున్నారు.

"జింకనుకున్నా ఇల్మా... నా తల్లి మీద ఒట్టు!"

"ఇన్నాళ్ళూ దాన్ని పారెయ్యలేదేం?"

"మనసొప్పలేదు. అలాంటిది ఇంకోటి దొరకదు."

ఇల్మాకి నాలుగేళ్ళుగా నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఒకటుంది. అది ఇప్పుడే అడగాలి.

"నువ్వెళ్ళేసరికి... బతికే ఉన్నాడా?"

వైనో సరస్సు వైపు మొహం తిప్పుకున్నాడు.

"వైనో! బతికే ఉన్నాడా?"

"నీ పేరు పిలిచాడు."

"నువ్వేం చేశావ్?"

"భయమేసింది... పారిపోయాను."

ఒక్కడే! ఆ మంచులో ఆర్వో ఒక్కడే పడి ఉన్నాడు. ఇల్మాకి ఏడుపు కూడా రాలేదు.

వైనో చెయ్యి చాచాడు. "ఇంకేం మిగిలింది చెప్పు? సాక్ష్యం నీళ్ళపాలైంది. ఇంటికి పద. నాకు నువ్వు, నీకు నేను... ఇంకెవరున్నారు మనకి?"

నిజమే. ఎవరూ లేరు. ఆ ఒక్క క్షణం ఆ చెయ్యి పట్టుకోవాలనిపించింది. సిగ్గు లేకుండా అనిపించింది!

"అది ఆర్వోది, వైనో."

"ఏది?"

"నీళ్ళలో పడేసిన గొట్టం. నీది నా పిండి బస్తాలో ఉంది. ట్రూడీకి ఫోన్లో చెప్పేశాను."

పోలీసు డిప్యూటీ ట్రూడీ! వైనో గిర్రున తిరిగాడు. అడవి వెనక, ఇంటి దగ్గర... ఎర్ర దీపం, నీలం దీపం!

"నిన్ను ఇంట్లోంచి లాక్కురావడానికే పరిగెత్తాను."

"శనివారాలు నీకింకెవరొస్తారే?"

"ఎవరూ రారు!" అరిచింది. దీపాల వైపు నడక మొదలెట్టింది.

వెనక అడుగుల చప్పుడు. దూరమవుతోంది... మళ్ళీ పారిపోతున్నాడు! అటెక్కడికి? అటు సరస్సు కదా! మసక కళ్ళకి తెల్లగా ఉన్నదంతా నేలే...

ఫెళ్!

తుపాకీ పేలినట్టే ఉంది. మంచు పగిలింది!

"ఇల్మా!"

ఆమె కాళ్ళు ఆగిపోయాయి. ఆర్వో కూడా ఇలాగే పిలిచి ఉంటాడు.

"ఇల్మా...!"

వెనక్కి తిరిగింది. ఒడ్డున పడవ తెడ్డు అందుకుంది. పరిగెడుతోంది, ఇందాకటి కంటే వేగంగా! గుండెలు అవిసేలా అరుస్తోంది.

"వస్తున్నా! పట్టుకో... నేనున్నా, వస్తున్నా!"