ఆల్చిప్పల బీరులో ఉప్పు

"మా బీరు తాగిన మనిషి చావుబతుకుల్లో ఉన్నాడండీ. ఆయనకేమైనా అయితే నన్ను జైల్లో వేస్తారు," అంటూ ఆమె డిటెక్టివ్ ఎదుట కుర్చీలో కూలబడింది. బీరు కాయడం ఆమె వృత్తి. వెంట వచ్చిన అన్నయ్య చెల్లెలి కళ్ళు తుడిచి మంచినీళ్ళు అందించాడు. అతని ఎడమ అరచేతికి కట్టు ఉంది.

ఆమె ఆల్చిప్పలు వేసి కొత్తగా నల్లటి స్టౌట్ బీరు కాచింది. ఒక పెద్ద హోటలు పంపిన రుచి పరీక్షకుడు మొన్న మధ్యాహ్నం వచ్చి, ఒక గుక్క చప్పరించి, "ఉప్పు కషాయం!" అని మొహం చిట్లించాడు. సాయంత్రానికి వాంతులతో ఆస్పత్రిలో పడ్డాడు. ఇంకా స్పృహ రాలేదు. ఏ విషమో అంతుచిక్కక డాక్టర్లు తలలు పట్టుకున్నారు.

"ఆల్చిప్పలు ఎలా వేస్తారు?" అడిగాడు డిటెక్టివ్.

"మూసినవి మూసినట్టే, మరిగే గంగాళంలో. వేడికి వాటంతటవే నోళ్ళు తెరుస్తాయి. కత్తి తగలనివ్వను. మొన్న బుట్టెడు తెప్పించి రెండో విడత కూడా కాచాను."

"మీరంటే గిట్టనివాళ్ళు?"

"పాత భాగస్వామి," అన్నయ్య అందుకున్నాడు. "ఆ పొద్దున కూడా వచ్చి గొడవపడ్డాడు."

"మీ చేతికేమైంది?"

"సీసా పగిలిందండీ."

ఆమె బీరు కార్ఖానా నిండా మాడిన బార్లీ గింజల వాసన. డిటెక్టివ్ అదే బీరు ఒక గ్లాసు నింపి, వెంట తెచ్చుకున్న తన సహాయకుడికిచ్చాడు. గురువుగారు ఇస్తే విషమైనా తాగే రకం అతను; కళ్ళు మూసుకుని తాగేశాడు.

"చేదు సార్, కాఫీలా. చివర్లో కాస్త సముద్రపు వాసన. ఉప్పు మాత్రం లేదు."

డిటెక్టివ్ చొక్కా చేతులు మడిచి చెత్తతొట్టిలో చేయి పెట్టాడు. అంత తెలివైన మనిషి చెత్త కెలకడం చూసి సహాయకుడికి ప్రాణం ఉసూరుమంది.

ఆ సాయంత్రం అన్నాచెల్లెళ్ళను, భాగస్వామిని కూర్చోబెట్టి, బల్లమీద నాలుగు చిప్పలు పెట్టాడు.

"మరిగినవాటి అంచులు చెక్కుచెదరలేదు. ఈ నాలుగూ కత్తితో తెరిచినవి, అంచులు చిట్లాయి. పరీక్షకుడు అబద్ధమాడలేదు. ఉప్పు బీరులో లేదు, ఆయన నోట్లో ఉంది. రుచి చూసే ముందు ఆయన సముద్రపు ఉప్పునీరు నిండిన పచ్చి ఆల్చిప్పలు తిన్నాడు. వాటిని తెరవడం చేతకానివాడికి కత్తి జారితే, దిగేది చిప్పను పట్టుకున్న చేతిలోకే."

భాగస్వామి తన రెండు అరచేతులూ బల్లమీద పరిచాడు. చిన్న గీత కూడా లేదు. అన్నయ్య కట్టుచేతిని ఒళ్ళో దాచుకున్నాడు.

"ఆకలేస్తోందన్నాడమ్మా," అన్నాడు చెల్లెలితో. "నాలుగు తినిపిస్తే నీ బీరును మెచ్చుకుంటాడనుకున్నా. ఆల్చిప్పల బుట్టలో మంచు కరిగిపోయిందని చూసుకోలేదు."

డిటెక్టివ్ అప్పటికే ఆస్పత్రికి ఫోన్ చేస్తున్నాడు. "పచ్చి ఆల్చిప్పలు. చెడిపోయినవి." అవతలి మాట విని ఫోన్ పెట్టేశాడు. "మందు మారుస్తారట. మొన్ననే తెలిసుంటే భయం లేకపోయేదట. ఇప్పుడు చెప్పలేమంటున్నారు."

ఆమె ఏడవలేదు. గ్లాసు నింపి అన్నయ్య ముందు పెట్టింది.

"తాగు. ఉప్పుందా?"

అతను ఒక గుక్క మింగి తల అడ్డంగా ఊపాడు.

"ఆయన ఉప్పు అన్నప్పుడే అది ఎక్కడిదో నీకు తెలుసు కదన్నయ్యా. అయినా రెండు రోజులు పక్కనే కూర్చుని నా కళ్ళు తుడిచావు."